వాయుగోణి గోడ దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మేడమ్, విజయవాడలోని ఒక నర్సింగ్ కాలేజీలో ఈ మధ్యే ట్యూటర్‌గా చేరాను. బీఎస్సీ రెండో ఏడాది వాళ్లకు కోవిడ్ శరీరంలో ఏం చేస్తుందో చెప్పాలి. 2020లో వీళ్లంతా స్కూల్లో ఉన్నారు, కోవిడ్ వార్డు చూడలేదు. లక్షణాలన్నీ బట్టీపట్టి రాసేస్తున్నారు. ఒకమ్మాయి మాత్రం, ‘ఊపిరితిత్తుల జబ్బైతే రక్తం ఎందుకు గడ్డకడుతుంది?’ అని అడిగింది. ఇదంతా ముక్కలు ముక్కలుగా కాకుండా ఎలా చెప్పాలి?
— ఒక ట్యూటర్, విజయవాడ

జవాబు: అడిగిన ఆ అమ్మాయిని క్లాసులో అందరి ముందూ మెచ్చుకోండమ్మా. వైరస్ బొమ్మతో మాత్రం పాఠం మొదలుపెట్టకండి. ముళ్లతో ఉన్న ఆ బొమ్మను పిల్లలు టీవీలో చూసీ చూసీ ఉన్నారు. దాన్ని చూస్తే మంచం మీది పేషెంట్ గుర్తుకు రాడు. గుంటూరులో నేను పాఠం చెప్పినన్నాళ్లూ బోర్డు మీద ముందుగా గీసింది ఒకే ఒక్క వాయుగోణి, అంటే ఊపిరితిత్తిలో గాలి నిండే అతి చిన్న సంచి, దాని పక్కనే ఒక రక్తకేశనాళిక, అంటే వెంట్రుకలాంటి సన్నటి రక్తనాళం. గాలికీ రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు, చాలాచోట్ల ఇంకా తక్కువ. పిల్లల చూపు ముందు ఆ గోడ మీద పడాలి.

ఆ గోడలో టైప్ 1 కణాలు పల్చగా పరుచుకుని ఉంటాయి, గాలి మార్పిడి వాటి గుండానే జరుగుతుంది. టైప్ 2 కణాలు సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. వాయుగోణి ముడుచుకుపోకుండా కాపాడేది అదే. వైరస్ తన స్పైక్ ప్రోటీన్‌తో పట్టుకునే ఏసీఈ2 గ్రాహకం ఈ టైప్ 2 కణాల మీద ఉంటుంది. ఇంతవరకు చెప్పి ఆగండి. ‘ఆ కణం చచ్చిపోతే ఏమవుతుంది?’ అని వాళ్లనే అడగండి. సర్ఫాక్టెంట్ తగ్గిపోతుందనీ, వాయుగోణి మూసుకుపోతుందనీ, దెబ్బతిన్న గోడలోంచి నీరు లోపలికి ఊరుతుందనీ ఒకరి తర్వాత ఒకరు చెప్తారు. అప్పుడు ఎవరి చేతిరుమాలు వాళ్లను తీసుకోమని, పొడిగా ఉన్నప్పుడొకసారి, తడిపాక ఒకసారి దానిలోంచి గాలి ఊదమనండి. ఆక్సిజన్‌కు ఎదురయ్యే కష్టం కొంతవరకైనా అర్థమవుతుంది.

తర్వాతి మాట మీద ఎక్కువసేపు ఉండండి. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 80ల్లోకి పడిపోయినా కొందరు కోవిడ్ పేషెంట్లు ఫోన్లో మామూలుగా మాట్లాడుతూ ఉండేవారు. ఆయాసం వస్తోందని మెదడుకు గట్టిగా చెప్పేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పెరగడం. అది ఆక్సిజన్ కన్నా ఇరవై రెట్లు సులువుగా గోడ దాటుతుంది. గోడ పాడైన మొదటి రోజుల్లో కూడా బయటికి పోతూనే ఉంటుంది. అందుకే ఆక్సిజన్ పడిపోతున్నా మనిషికి టెన్షన్ కనిపించదు. ‘పేషెంట్ బాగానే ఉన్నాడు’ అని రాసి వెళ్లిపోయే నర్సు దగ్గర ప్రమాదం ఇక్కడే ఉంది.

శ్వాస రేటును పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టించండి. పేషెంటుకు తెలియకుండా, నాడి పట్టుకున్నట్టు చేయి పట్టుకుని లెక్కపెట్టాలి. కళ్లతో చూడకుండానే చార్టులో 20 అని రాసేసే అలవాటు నాకు ఎప్పటికీ మింగుడుపడదు. మన దేశపు కోవిడ్ చికిత్సా సూచనల్లో శ్వాస నిమిషానికి 24కు చేరినా, సాచురేషన్ 93కి దిగినా జబ్బు మధ్యస్థం. శ్వాస 30 దాటినా, సాచురేషన్ 90 కన్నా తగ్గినా తీవ్రం. వేలికి పెట్టి సాచురేషన్ చూసే ఆక్సిమీటర్ చల్లటి వేళ్లకూ, గోళ్ల రంగుకూ తడబడుతుంది. చర్మం నల్లగా ఉన్నవాళ్లలో ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని 2020 డిసెంబరులో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. మన పేషెంట్ల రంగు మనకు తెలుసు కదా, ఇది తప్పక చెప్పండి.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. రక్తనాళాల లోపొర ఎండోథీలియం. అది బాగున్నంతకాలం రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. శరీరమంతా పాకిన ఇన్‌ఫ్లమేషన్‌తో అది దెబ్బతింటే చిన్న చిన్న గడ్డలు ఏర్పడతాయి, ముఖ్యంగా ఊపిరితిత్తుల నాళాల్లో. పేషెంట్ కదలకుండా పడుకుని ఉంటే కాళ్లలోనూ వస్తాయి. గడ్డల జాడ తెలిపే డీ-డైమర్ రక్తపరీక్షకు పంపేదీ, గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ఇచ్చేదీ ఇందుకే. పిక్కలో వాపు, నొప్పి ఉన్నాయేమో రోజూ చూడాల్సింది మాత్రం నర్సే. గుండె, మూత్రపిండాలు, పేగుల గురించి కూడా ఇదే దారిలో చెప్పుకుంటూ పోండి, ఎక్కువ సమయం పట్టదు. బోర్లా పడుకోబెట్టడం ఎందుకో మాత్రం దాటేయకండి. వెల్లకిలా పడుకుంటే వీపు వైపున్న ఊపిరితిత్తి భాగం గుండె బరువుకు, పొట్ట ఒత్తిడికి నలిగి మూసుకుపోతుంది. బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుంటుంది.

వాసన పోవడం గురించి మన ఊరి పిల్లలకు చెప్పడం తేలిక. మిర్చి యార్డు దగ్గర పెరిగిన ఒక స్టూడెంట్, ‘వాసన పోయినా ఘాటుకు తుమ్ములు మాత్రం వచ్చేవి మేడమ్’ అంది. వాసన ఘ్రాణనాడి పని, ఘాటు ట్రైజెమినల్ నాడి పని. కొందరికి ఆ ఘాటు కూడా తెలియకుండా పోయింది. వైరస్ ముఖ్యంగా పట్టుకునేది వాసన నాడీకణాలను కాదు, వాటిని ఆనుకుని ఉండే సహాయక కణాలను. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడానికి అదొక కారణం.

ప్రశ్న: స్టెరాయిడ్ ప్రాణం కాపాడిందంటారు, దానివల్లే బ్లాక్ ఫంగస్ వచ్చిందంటారు. ఏది నిజం మేడమ్?
— జీఎన్ఎం స్టూడెంట్, గుంటూరు

జవాబు: రెండూ నిజమేనమ్మా. 2020 జూన్‌లో బ్రిటన్‌లో కోవిడ్ మందులను పరీక్షించిన ‘రికవరీ’ అనే అధ్యయనం ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలేమీ కనిపించలేదు. మొదటి రోజుల్లో శరీరం వైరస్‌తో పోరాడుతుంది, అప్పుడు ఆ పోరాటాన్ని అణచకూడదు. 2021 రెండో వేవ్‌లో భయంతో చాలామంది ఇంట్లోనే, జ్వరం మొదలవగానే స్టెరాయిడ్ వేసుకున్నారు. షుగర్ అదుపు తప్పింది. షుగర్ పెరిగి, రోగనిరోధక శక్తి తగ్గిన శరీరంలో మ్యూకర్ అనే ఫంగస్ పెరిగింది, బ్లాక్ ఫంగస్ అన్నది దీన్నే. ఆ ఏడాది మే నెలలో ఆ జబ్బును నోటిఫై చేయాలని, అంటే ప్రతి కేసునూ ప్రభుత్వానికి తప్పక తెలపాలని, కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

స్టెరాయిడ్ మీద ఉన్న ఏ పేషెంటుకైనా మీ డ్యూటీలో షుగర్ చూసి చార్టులో రాయండి. బుగ్గ మొద్దుబారిందన్నా, ఒక కన్ను వాచినా, ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందన్నా, ముక్కులోంచి నల్లటి స్రావం వచ్చినా రౌండ్స్ దాకా ఆగకుండా అప్పటికప్పుడే డాక్టరుకు చెప్పండి.