గొంతు మారే వయసులో అబ్బాయిలు పాట మానేయాలా?

అక్కర్లేదు. శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం, మార్చుకుంటే చాలు.

పదమూడేళ్ల కుర్రాడు నిన్నటిదాకా పాడిన ఐదున్నర శ్రుతిలోనే పై షడ్జం (పై ‘స’) అందుకోబోతే గొంతు ఠక్కున విరిగి గాలే వస్తుంది. అది సాధన లోపం కాదు. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి. మాట్లాడే గొంతు దాదాపు ఒక స్థాయి (‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. కొత్త కొలతకు కండరాలు అలవాటు పడాలి కదా! ఆ సమయంలో మందలిస్తే పిల్లలు పాటే వదిలేస్తారు, నా బాధంతా దాని గురించే.

19వ శతాబ్దంలో మాన్యుయెల్ గార్సియా లాంటి పాశ్చాత్య గాన గురువులు ఈ వయసులో పాట ఆపమనేవారు. 1970లలో అమెరికాలో జాన్ కుక్సీ అనే సంగీత బోధకుడు ఈ మార్పు ఒక వరుసలో, దశలుగా సాగుతుందని వివరించాడు. ముందు పై స్వరాలు జారిపోతాయి, కింది స్వరాలు మెల్లగా కుదురుకుంటాయి. ఏ దశలోనైనా హాయిగా పలికే స్వరాలు కొన్ని ఉంటాయి. పిల్లాడి చేత వాటిలోనే పాడించండి, నెలకోసారి మళ్లీ చూసుకోండి.

అమ్మాయిల గొంతూ మారుతుంది. దిగేది కాస్తే అయినా కొన్నాళ్లు గాలి కలిసిన జీర వినిపిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

నొప్పి ఉన్నా, బొంగురు వారాల తరబడి తగ్గకపోయినా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.