అల్యూమినియం బాడీ వేస్తే సిగ్నల్ పడిపోయింది... ఎంటెక్ మెటీరియల్స్‌లోనా, యాంటెన్నాల్లోనా?

ప్రశ్న: హన్మకొండలో బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామకు ములుగు రోడ్డు వైపు సీఎన్‌సీ షాపు (కంప్యూటర్ నడిపే యంత్రాలతో లోహం చెక్కే చోటు) ఉంది. అక్కడ 6061 రకం అల్యూమినియంతో పాత ఫోన్‌కు వెనక బాడీ మిల్లింగ్ చేయించి, నల్ల రంగు అనోడైజింగ్ వేయించాను. ప్లాస్టిక్ బాడీతో మైనస్ 88 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) చూపిన ఫోన్, రంగు వేయని అల్యూమినియంతో మైనస్ 106, అనోడైజింగ్ తర్వాత మైనస్ 108 చూపిస్తోంది. కోటింగే చెడగొట్టిందని అందరూ అంటున్నారు. నాకు ఈ పనే ఇష్టం. ఎంటెక్ మెటీరియల్స్‌లో చేయాలా, యాంటెన్నాల వైపు వెళ్లాలా?

జవాబు: ముందు మీ అంకెలనే మళ్లీ చూడండి. పడిపోయిన 20 డీబీలో 18 డీబీ కోటింగ్ పడకముందే పోయింది. మిగిలిన 2 డీబీ, ఫోన్ కదపకుండా అక్కడే ఉంచినా నిమిషానికోసారి వచ్చే తేడా. 20 డీబీ అంటే అందే పవర్ నూరో వంతుకు పడిపోవడం. ఆ నష్టం చేసింది లోహమే.

900 మెగాహెర్ట్జ్ దగ్గర 6061లో స్కిన్ డెప్త్ (తరంగం లోహంలోకి చొచ్చుకుపోయే లోతు) సుమారు 3.4 మైక్రాన్లు. మీ బాడీ మందం 1 మిల్లీమీటరే అనుకున్నా దానికి దాదాపు 300 రెట్లు. తరంగం దాన్ని దాటి రాదు. అనోడైజింగ్ పొర సంగతి వేరు. అది 10, 15 మైక్రాన్ల అల్యూమినియం ఆక్సైడ్, విద్యుత్తు పారని పదార్థం. 33 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యానికి అంత పలుచటి పొర లెక్కలోకే రాదు. నల్ల రంగు ఆ పొర రంధ్రాల్లో ఇంకిన డై మాత్రమే.

అయితే ఇదే పొర ఒక చోట నిజంగా దెబ్బ తీస్తుంది. ఫోన్ సర్క్యూట్ బోర్డు గ్రౌండ్‌ను బాడీకి కలిపే చిన్న స్ప్రింగులు తాకే చోట అనోడైజింగ్ ఉంటే కరెంటు పారదు, బాడీ గాలిలో వేలాడినట్టే. 160 మిల్లీమీటర్ల పొడవున్న పలక గ్రౌండ్‌కు సరిగా కలవకపోతే దాని సగం తరంగదైర్ఘ్యపు రెజొనెన్స్ (అది గట్టిగా స్పందించే పౌనఃపున్యం) సుమారు 940 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది మన 900 బ్యాండ్ డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే సిగ్నల్) నడిచే చోటే. మల్టీమీటర్ ఒక ప్రోబ్ స్ప్రింగ్ తగిలే చోట, ఇంకోటి బాడీలో పొర లేని చోట పెట్టండి. ఓపెన్ (కరెంటు పారడం లేదని) చూపిస్తే కోటింగ్ చెడగొట్టిందన్న మాట అంతవరకు నిజం. గట్టిగా నొక్కొద్దు, మొన పొరను గీరేసి తప్పుడు రీడింగ్ ఇస్తుంది.

దీనికి మందు మీ మామయ్య షాపులోనే ఉంది. అనోడైజింగ్‌కు పంపేముందు ఆ చోట్లకు మాస్కింగ్ (పొర పడకుండా కప్పడం) వేయాలి, లేదంటే తర్వాత లేజర్‌తో పొర తీయించాలి. పొర పోయిన అల్యూమినియాన్ని అలాగే వదిలేస్తే, చెమట తగిలినప్పుడు దానికీ బంగారు పూత స్ప్రింగుకూ మధ్య తుప్పు మొదలవుతుంది. అందుకే అక్కడ విద్యుత్తు పారే కన్వర్షన్ కోటింగ్ పూస్తారు. అనోడైజింగ్‌లో బాడీని పట్టి ఉంచే జిగ్ (బిగింపు) తాకిన చోట ఎలాగూ పొర పడదు. ఆ గుర్తు లోపలి గ్రౌండ్ ప్యాడ్ మీదే వచ్చేలా ముందే చెప్పి పెట్టుకుంటే మాస్కింగ్ ఖర్చు కూడా తగ్గుతుంది.

ఇక అసలు మరమ్మతు, యాంటెన్నా మీది లోహాన్ని తీసేయడమే. చాలా ఫోన్లలో ప్రధాన యాంటెన్నా కింది అంచున, జీపీఎస్, వైఫై పై అంచున ఉంటాయి. మీ ఫోన్ విప్పి చూసి, అవి ఉన్నంత మేరా ప్లాస్టిక్ కిటికీ పెట్టండి. ఆ కిటికీ లోహపు రంగులోనే కనిపించాలని మెటాలిక్ పెయింట్ కొట్టించకండి, మళ్లీ మొదటికొస్తారు. కంపెనీలు ఇలాంటి చోట నాన్ కండక్టివ్ వాక్యూమ్ మెటలైజేషన్ వాడతాయి. అందులో ఇండియం లేదా తగరం ఒకదానికొకటి తగలని చిన్న చిన్న దీవుల్లా అంటుకుంటుంది కాబట్టి మెరుపు ఉంటుంది, కరెంటు పారదు.

ఇప్పుడు మీ ప్రశ్న. నా సలహా, యాంటెన్నాల వైపే వెళ్లండి. కోటింగ్ అంటే మీకున్న ఇష్టం నిజమే, కానీ మిమ్మల్ని ఆపిన ప్రశ్న రేడియోది. పైగా మీది ఈసీఈ. మెటీరియల్స్‌లో ఎంటెక్ అంటే మెటలర్జీ నాలుగేళ్లు చదివిన వాళ్లతో సున్నా నుంచి పోటీ. అనోడైజింగ్ స్నానంలో ఆమ్లం గాఢత, కరెంటు, ఉష్ణోగ్రత పొర మందాన్ని ఎలా మారుస్తాయో షాపులో కొన్ని నెలలు నిలబడితే పట్టుబడుతుంది. స్మిత్ చార్ట్ (యాంటెన్నా ఇంపెడెన్స్ లెక్కలకు వాడే గ్రాఫ్) అలా పట్టుబడదు.

గేట్ ఈసీ పేపర్ మూడో సంవత్సరంలోనే రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. స్కిన్ డెప్త్, ఎస్ పారామీటర్లు, స్మిత్ చార్ట్, డైపోల్, మోనోపోల్ యాంటెన్నాలు అన్నీ అందులోని ఎలక్ట్రోమాగ్నెటిక్స్ సిలబస్‌లోనే ఉన్నాయి. చాలామంది కష్టమని వదిలేసే భాగమది, మీరు వదలొద్దు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఆర్ఎఫ్, మైక్రోవేవ్ ఇంజినీరింగ్ ఎంటెక్ ఉంది. ఉద్యోగాలకు మాత్రం ఫోన్ బాడీలనొక్కటే నమ్ముకోకండి. హైదరాబాద్‌లో డీఎల్ఆర్ఎల్, ఆర్‌సీఐ (రెండూ డీఆర్‌డీఓ ల్యాబులు), ఈసీఐఎల్ (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ) లాంటి చోట్ల, పరికరాల సర్టిఫికేషన్ ల్యాబుల్లో ఇదే చదువు పనికొస్తుంది. మనసు కోటింగ్ వైపే లాగితే బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధన సంస్థ) పనులు ఒకసారి చూడండి.

ఫైనలియర్ ప్రాజెక్టు మీ చేతిలోనే ఉంది. నాలుగు బాడీలు చేయించండి: రంగు లేనిది, పూర్తిగా అనోడైజ్ చేసింది, అనోడైజ్ చేసి కాంటాక్టుల దగ్గర పొర తీసింది, ప్లాస్టిక్ కిటికీ ఉన్నది. 3 గిగాహెర్ట్జ్ దాకా కొలిచే నానోవీఎన్‌ఏ (యాంటెన్నాలను కొలిచే చిన్న పరికరం) కొనండి, 900 దగ్గరే ఆగేది 1800, 2300 బ్యాండ్లకు చాలదు. ఓపెన్, షార్ట్, లోడ్ అనే మూడు ప్రమాణ కొనలతో కాలిబ్రేషన్ చేసి, చిన్న కోయాక్సియల్ తీగను యాంటెన్నా ఫీడ్‌కు టంకం వేసి ఎస్11 (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) తీయండి. ఫోన్ యాంటెన్నాకు మైనస్ 6 డీబీ వస్తే సాధారణంగా ఒప్పుకుంటారు, అంటే పంపిన పవర్‌లో పావు వంతు వెనక్కి వస్తోందన్నమాట. ఎస్11 బాగుంటే చాలనుకోకండి, పవర్ లోపలే వేడిగా పోయినా అది బాగానే కనిపిస్తుంది. అందుకే ఫోన్‌లో డీబీఎం రీడింగులు కూడా కావాలి. గదిలో ఒకే కిటికీ దగ్గర, ఒకే సిమ్‌తో, ఒకే బ్యాండ్‌లో ఒక్కో బాడీకి కనీసం 20 రీడింగులు తీసి సగటు రాయండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా చెక్క బల్ల మీద పెట్టి తీయండి.