పాత పుస్తకం నెట్‌లో పెట్టే ముందు కాపీరైటు లెక్క

చిరంజీవికి ఆశీస్సులు.

పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెడతానన్నావు, చాలా సంతోషం. స్కానర్ కంటే ముందు ఒక నోటుబుక్కు కొను. పుస్తకానికో పేజీ కేటాయించి, పైన రచయిత పోయిన సంవత్సరం రాయి. అచ్చయిన సంవత్సరం చూసి లెక్క వేసేవాళ్లే ఎక్కువగా బోల్తా పడతారు.

మన చట్టంలో రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, 2019 జనవరి 1కి కాపీరైటు తీరింది. చలం 1979లో పోయారు, 2040 దాకా ఆగాల్సిందే. ఇద్దరు కలిసి రాస్తే ఆఖరున పోయినవారి లెక్క. అనువాదమైతే మూలానికీ, అనువాదానికీ రెండూ తీరాలి. పునర్ముద్రణ చేతికొస్తే మరీ జాగ్రత్త: అసలు రచనకు హక్కు తీరినా, తర్వాత చేర్చిన పీఠికకూ ముఖచిత్రానికీ ఉండొచ్చు. ఆ పేజీలు వదిలేసి మిగతాది పెట్టు. లోపలి అట్ట వెనక “సర్వస్వామ్యములు గ్రంథకర్తవి” అని కనబడితే కంగారు పడకు. హక్కు ఎవరిదో తప్ప ఎన్నాళ్లో ఆ మాట చెప్పదు.

ఈ 60 మొదట 50. విశ్వభారతి చేతిలో ఉన్న రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కు 1991తో తీరిపోతుంటే, డిసెంబరు ఆఖరులో ఆర్డినెన్సు తెచ్చి పదేళ్లు పెంచారు. ఒక్క మహాకవి పేరు మీద వచ్చిన ఆ పెంపు 1941లోనూ ఆ తర్వాతా పోయిన ప్రతి రచయితకూ వర్తించింది.

అమెరికాలో ఈ పని కంపెనీలు చేయించుకున్నాయి. 1976 చట్టంలో కంపెనీల రచనలకు విడుదలైన ఏడు నుంచి 75 ఏళ్లు. డిస్నీ, సినిమా, సంగీత సంస్థలు వెంటపడితే 1998లో అది 95 అయింది. ప్రతినిధుల సభలో మూజువాణి ఓటు, సెనేట్‌లో ఏకగ్రీవం. ఏ సభ్యుడు అవునన్నాడో అడగడానికి ఓట్ల లెక్కే లేదు. 1928 నాటి మిక్కీ మౌస్ చిత్రం 2004లో అందరిదీ కావలసింది, 2024 దాకా ఆగింది. ఇది చాలా అన్యాయం, ఎందుకంటే అదే తాళం మన పుస్తకాలకూ పడింది. 1996 జనవరి 1 నాటికి మన దగ్గర హక్కు బతికున్న రచనలకు అమెరికా కూడా హక్కు ఇచ్చింది. చిలకమర్తి 1946లో పోయారు, ఇక్కడ 2007 నుంచి ఇబ్బంది లేదు. అయినా ఆయన పుస్తకం 1935లో తొలిసారి అచ్చై ఉంటే అక్కడ అలాంటి పాత పుస్తకాలకూ అచ్చైన ఏడు నుంచి 95 ఏళ్ల లెక్కే కాబట్టి 2031 జనవరి 1 దాకా ఆగాలి. అందుకని నీ సైటు సర్వర్ ఏ దేశంలో ఉందో కనుక్కో. అమెరికాలో ఉంటే రెండు తేదీలూ నోటుబుక్కులో రాసి, ఆలస్యమైనదాన్ని పట్టుకో.

ఇక్కడ ఇంకో పెంపు రాదనుకోకు. వాణిజ్య ఒప్పందం కోసం కెనడా 2022 ఆఖరున 50ని 70 చేసింది. కాపీరైటు మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం అడిగేది 50 మాత్రమే, మనం ఇప్పటికే పదేళ్లు ఎక్కువ ఇస్తున్నాం. మన దగ్గర సవరణ ముసాయిదా వచ్చి అభిప్రాయాలు అడిగితే, గడువు లోపల రాతపూర్వకంగా పంపు. ఆవేశం రెండు వాక్యాలు చాలు. తర్వాత నీ నోటుబుక్కులోంచి పట్టిక జతచెయ్యి: పుస్తకం, రచయిత పోయిన ఏడు, ఇప్పుడు తీరే తేదీ, పెంచితే తీరే తేదీ. చివరి గడిలో ఆ పుస్తకం ఇప్పుడు బజారులో దొరుకుతోందా లేదా రాయి.