నీడ అలసిపోకుండా చూడు తల్లీ

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, వచ్చే నెల నువ్వు ఒక నృత్య ప్రదర్శనకి లైవ్ విజువల్స్ చేస్తున్నావని చెప్పింది. కెమెరాలోంచి వచ్చే బొమ్మని అక్కడికక్కడే కంప్యూటర్‌లో మార్చి తెర మీద వేయడం, అంతా నువ్వొక్కదానివే చూసుకుంటావట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంత ఉందో టెన్షన్ అంతే ఉంది. నీకు ఏడేళ్లప్పుడు ఒకసారి నా కెమెరాని టీవీకి కలిపి, దాన్ని ఆ టీవీ వైపే తిప్పాను. టీవీలో టీవీ, దాన్లో మళ్లీ టీవీ. అలా లోపలికి పోతూనే ఉన్న సొరంగాన్ని చూసి, "మామయ్యా, దీని చివర ఎక్కడుంది?" అన్నావు. ఆ పూటంతా కెమెరా దగ్గర్నుంచి లేవలేదు. అలాంటిదానివి, ఇంత పెద్ద పని ఒప్పుకున్న సంగతి నాకు అమ్మ నోట వినాల్సి వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. అయినా రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. కెమెరా మెనూలోకి వెళ్లి, హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ మీద బ్యాటరీ గుర్తులు, అంకెలు రాకుండా ఆపెయ్. ఆటో పవర్ ఆఫ్ తీసెయ్. కెమెరాని బ్యాటరీ మీద కాదు, అడాప్టర్ మీద నడుపు. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో పెట్టు. నాట్యం చేసే అమ్మాయి చీకట్లోకి అడుగు వేయగానే కెమెరా తనంతట తాను వెలుగు పెంచేసుకుంటే, నువ్వు గంటలు కూర్చుని సరిచేసుకున్న ఎఫెక్ట్ అంతా చెదిరిపోతుంది. కెమెరా, సాఫ్ట్‌వేర్, ప్రొజెక్టర్ మూడూ ఒకే ఫ్రేమ్ రేటులో, అంటే సెకనుకి అన్నే బొమ్మలతో నడవాలి. 50 అయితే అంతటా 50, 60 అయితే అంతటా 60. కలవకపోతే కొన్ని ఫ్రేములు రెండుసార్లు కనపడి, నాట్యం కుదుపుగా ఉంటుంది.

కెమెరా బొమ్మని కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ కార్డ్‌ని యూఎస్‌బీ 3 పోర్టులోనే పెట్టు. 1920×1080 బొమ్మని సెకనుకి 60 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపితే దాదాపు 2 గిగాబిట్లు అవుతుంది. యూఎస్‌బీ 2 దారి వెడల్పు 480 మెగాబిట్లే. దాన్లోంచి పంపాలంటే బొమ్మని కుదించాలి, ఇవతల మళ్లీ విప్పాలి. నాణ్యతా పోతుంది, సమయమూ పోతుంది. ఇంకోటి, బొమ్మని మార్చడానికి టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ వాడుతున్నావని అమ్మ చెప్పింది. అది 1280×1280 దాటి బొమ్మ ఇవ్వదు. కాబట్టి 4కే కెమెరా కోసం అప్పు చేయకు. నీ సంగతి నాకు తెలుసు, ఆ ఆలోచన వచ్చే ఉంటుంది.

అన్నీ కలిపాక తెర నల్లగా ఉంటే కంగారు పడి కేబుళ్లన్నీ పీకెయ్యకు. విండోస్ అయితే ముందు ఇంకో ప్రోగ్రాం ఆ కార్డ్‌ని పట్టుకుని కూర్చుందేమో చూడు. మూయడం మర్చిపోయిన వీడియో కాల్ చాలు. మ్యాక్ అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కి కెమెరా అనుమతి ఇచ్చావో లేదో సెట్టింగ్స్‌లో చూడు. సినిమా ప్లేయర్ లాంటిది కలిపితే కాపీ రక్షణ వల్ల కార్డ్ దాన్ని తీసుకోదు, అది చెడిపోవడం కాదు. ఒకే కంప్యూటర్‌లో రెండు ప్రోగ్రాముల మధ్య బొమ్మ పంపాలంటే విండోస్‌లో స్పౌట్, మ్యాక్‌లో సైఫన్ ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు లోపలే చేతులు మారుతుంది కాబట్టి చాలా వేగం. అయితే నీ ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉండి, ఒక ప్రోగ్రాం ఒకదాని మీద, రెండోది ఇంకోదాని మీద నడుస్తుంటే స్పౌట్‌లో ఏమీ కనపడకపోవచ్చు. రెండింటినీ ఒకే చిప్ మీదికి తెచ్చుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను మీ అమ్మకి కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

టేపు మీద డిజిటల్‌గా రికార్డ్ చేసే డీవీ కెమెరాలు, వాటిని కంప్యూటర్‌కి కలిపే ఫైర్‌వైర్ కేబుళ్ల రోజులవి. ఒక నర్తకితో కలిసి 40 నిమిషాల అంశం తయారుచేశాం. వేదికకి ఒక పక్కన పెద్ద తెర, దాని మీద ఆవిడ బొమ్మే, పొగలా సాగుతూ. ఆవిడ దాన్ని "నా నీడ" అనేవారు. తెర వైపు తిరిగి, నీడతో మాట్లాడుతున్నట్టుగా ఆడేవారు. కెమెరా నుంచి తెర దాకా బొమ్మ చేరడానికి సుమారు 5 ఫ్రేములు పట్టేది. సెకనుకి 25 ఫ్రేములు కాబట్టి ఒక్కోటి 40 మిల్లీసెకన్లు, మొత్తం సెకనులో అయిదో వంతు. రెండు నెలల రిహార్సల్స్‌లో ఆవిడ ఆ ఆలస్యాన్ని ఒంటికి పట్టించుకున్నారు. "నేను చెయ్యి ఎత్తిన చిన్న ఊపిరికి నీడ ఎత్తుతుంది. నా తాళం ఆ ఊపిరిలోనే ఉంది" అనేవారు.

ప్రదర్శన రోజు సాయంత్రం నిర్వాహకులు రికార్డింగ్ కావాలన్నారు. నేను సరేనన్నాను. కెమెరాకీ కంప్యూటర్‌కీ మధ్య ఒక డిజిటల్ మిక్సర్ పెట్టి, దాన్లోంచి ఒక కాపీ రికార్డర్‌కి ఇచ్చాను. మిక్సర్‌లోంచి వచ్చే అనలాగ్ బొమ్మని మళ్లీ డీవీగా మార్చడానికి ఇంకో పెట్టె. తెర మీద బొమ్మ చక్కగా వచ్చింది. రంగులు చూశాను, ఫోకస్ చూశాను, తృప్తి పడ్డాను. వేదిక మీద ఎవరినైనా నిలబెట్టి చెయ్యి ఎత్తమని అడగలేదు.

మొదటి పది నిమిషాలు నాకేమీ తెలియలేదు. ఆ తర్వాత ఆవిడ అడుగు బరువెక్కుతున్నట్టు అనిపించింది. చెయ్యి ఎత్తి నీడ కోసం ఆగుతున్నారు. నీడ రావడం లేదు. ఇంకాస్త ఆగుతున్నారు. ఆవిడ ఆగిన కొద్దీ నీడ మరీ వెనకబడుతోంది, ఎందుకంటే అది ఆవిడ ఆగడాన్నే ఆలస్యంగా చూపిస్తోంది. వాద్యకారులు ఆవిడ కాళ్లనే చూస్తున్నారు కాబట్టి లయ కూడా జారింది. నా కళ్లేమో ల్యాప్‌టాప్ మీద ఉన్నాయి. 40 నిమిషాల అంశం 46 నిమిషాలు నడిచింది. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు, వాళ్లకి తేడా తెలియదు. ఆవిడ గ్రీన్‌రూమ్‌లో గజ్జెలు విప్పుకుంటూ, నా వైపు చూడకుండా, "ఇవాళ నా నీడ ఎందుకో బాగా అలసిపోయింది" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు కొలిస్తే, మధ్యలో ఆ పెట్టెలు చేరడంతో 9 ఫ్రేములు. 360 మిల్లీసెకన్లు.

తల్లీ, కాపీ కావాలంటే దారి మధ్యలో పెట్టె పెట్టకు, పక్కకి చీల్చు. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ వాడు, లేదా బొమ్మని అలాగే బయటికి పంపే లూప్ అవుట్ ఉన్న కార్డ్ చూసుకో. నీ ప్రధాన దారిలో ఎన్ని తక్కువ చేతులుంటే అంత మంచిది. కెమెరా కొంత తింటుంది, కార్డ్ కొంత, సాఫ్ట్‌వేర్ కొంత, ప్రొజెక్టర్ కొంత. చాలా ప్రొజెక్టర్లలో బొమ్మ వంకర సరిచేసే కీస్టోన్ ఆన్ చేస్తే ఆలస్యం పెరుగుతుంది. ప్రొజెక్టర్‌నే తిన్నగా నిలబెట్టి దాన్ని ఆపెయ్, గేమ్ మోడ్ ఉంటే పెట్టు. నెట్‌వర్క్ మీద వీడియో పంపే ఎన్‌డీఐ పద్ధతి వాడుదామని ఎవరైనా అంటే, గిగాబిట్ వైరు ఉంటేనే ఒప్పుకో. ఒక్క హెచ్‌డీ బొమ్మకే 100 మెగాబిట్లకి పైన కావాలి. జనంతో నిండిన హాల్లో వైఫైని నమ్మకు.

ఆలస్యం కొలవడం కష్టం కాదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుపుతూ కెమెరా ముందు పట్టుకో. ఆ ఫోనూ, తెర మీద దాని బొమ్మా రెండూ పడేలా ఇంకో ఫోన్‌తో ఫోటో తియ్యి. రెండు అంకెల తేడాయే నీ డిలే. ఒక్క ఫోటోతో నిర్ణయించకు, పది తీసి సగటు చూడు. ఇంకా కచ్చితంగా కావాలంటే సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్‌లో నీ చప్పట్లని, తెరని కలిపి తీసి ఫ్రేములు లెక్కపెట్టు. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. మొదటి రిహార్సల్‌లో వచ్చిన అంకెని టేపు మీద రాసి ల్యాప్‌టాప్‌కి అంటించుకో. ప్రదర్శనకి గంట ముందు మళ్లీ కొలువు. అప్పుడు కూడా అదే రావాలి. ఆలస్యం తక్కువుందా ఎక్కువుందా అన్నది తర్వాత, ఆ అమ్మాయి ఒంటికి అలవాటైన ఆలస్యం మారకూడదు.

ఆ రోజు సాయంత్రం ఎవరు ఏం అడిగినా, ఎంత పెద్దవాళ్లు అడిగినా, కొత్తగా ఒక్క కేబుల్ కూడా పెట్టనని చెప్పు. నీకు మొహమాటం ఎక్కువ, నాలాగే. నోరు రాకపోతే మా మామయ్య వద్దన్నాడని చెప్పు. నా మీద పెట్టెయ్.

కెమెరా చట్రంలోకి తెర రాకుండా కూడా చూసుకో. వస్తే నీ చిన్నప్పటి సొరంగమే మళ్లీ మొదలవుతుంది. అది కావాలని చేస్తే అందంగానే ఉంటుందనుకో, కానీ ఈ ప్రదర్శనకి కాదు.

ఆవిడ మరుసటి ఏడాది మళ్లీ నన్నే పిలిచారు. వెళ్లగానే అడిగిన మొదటి మాట, "ఈసారి నీడ ఎన్ని ఫ్రేములు?" 5 అన్నాను. టేపు చూపించాను. అప్పుడు గజ్జెలు కట్టుకున్నారు.

మొదటి రిహార్సల్ రోజున నువ్వు కొలిచిన అంకె నాకు మెసేజ్ పెట్టు. ప్రదర్శన రోజు గంట ముందు కొలిచింది కూడా. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మామయ్య