మంచు ఊళ్లకు వెళ్లేవాళ్లు ఏడబ్ల్యూడీ సెడాన్ కొనేముందు

"అక్కా, మిషిగన్‌లో ఏడబ్ల్యూడీ లేకపోతే చలికాలం గడవదంట, నిజమేనా?" బెంగళూరులో ఉన్న ఈ సెలవుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. ఏడబ్ల్యూడీ అంటే ఆల్-వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలకీ శక్తి అందే బండి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. కంపెనీ తరఫున అమెరికాలో ఆన్‌సైట్ పని ఖాయమైతే చాలు, వీసా స్టాంపింగ్ కాకముందే కారు టెన్షన్ మొదలవుతోంది. అందులో తప్పేమీ లేదు. ఇక్కడ 160 హార్స్‌పవర్ వెర్నా టర్బో తోలిన చేతికి అక్కడి కార్ల లిస్టు చూస్తే ఆగబుద్ధి కాదు. డెట్రాయిట్ పక్క ఊళ్లో ఏళ్ల తరబడి మంచులో బండి నడుపుతున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఒక మాట. ఏడబ్ల్యూడీ బండిని కదిలిస్తుంది. ఆపేది మాత్రం టైర్లు.

ఫ్రీవే ర్యాంప్ ఎక్కే చోట సిగ్నల్ పడిందనుకోండి. రోడ్డు మీద మంచు సగం కరిగి బురదలా ఉంది. గ్రీన్ రాగానే ముందు చక్రాలకే శక్తి అందే బండి అయితే అక్కడే చక్రాలు తిప్పుకుంటూ నిలబడుతుంది. డ్యాష్‌బోర్డులో చక్రాలు జారుతున్నాయని చెప్పే ట్రాక్షన్ లైటు పసుపు రంగులో మిణుకుమిణుకుమంటుంది, వెనకవాడు హారన్ కొడతాడు. ఏడబ్ల్యూడీ బండిలో వెనక చక్రాలకి కూడా శక్తి అందుతుంది కాబట్టి ఏమీ జరగనట్టే ముందుకు పోతుంది. ఇంతవరకూ డబ్బు పెట్టినందుకు న్యాయం జరిగింది. అదే ర్యాంప్ దిగి కింద సిగ్నల్ దగ్గర బ్రేకు వేయండి. కాలి కింద పెడల్ గడగడా కొట్టుకుంటుంది, బండి జారుతూనే ఉంటుంది. నాలుగు చక్రాలకి బ్రేకులు ప్రతి కారులోనూ ఉన్నవే. అక్కడ ఏడబ్ల్యూడీ చేయగలిగింది ఏమీ లేదు. పైగా బండి సులువుగా వేగం అందుకుంటుంది కనుక రోడ్డు ఎంత జారుడుగా ఉందో కొత్తవాళ్లకి అర్థం కాదు. మొదటి చలికాలంలో కొత్తవాళ్లు గుంటలోకి దిగేది ఎక్కువగా ఇలాగే.

అందుకే నేను టైర్ల ఖర్చు ముందు లెక్కేయమంటాను. కారుతో వచ్చే ఆల్-సీజన్ టైర్ల రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే గట్టిపడుతూ పోతుంది. వింటర్ టైర్ల రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉండి రోడ్డుని పట్టుకుంటుంది. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉంటే అది మంచు పరీక్షలో నెగ్గిన టైరు అన్నమాట. మామూలు సెడాన్ సైజులో నాలుగు కలిపి 600 నుంచి 1000 డాలర్ల దాకా అవుతాయి. అవి రోడ్డు మీద ఉన్నన్ని నెలలూ మామూలు టైర్లు అరగవు కాబట్టి ఆ డబ్బు ఎటూ పోదు. కెనడాలోని క్విబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు ఇవి చట్టప్రకారం తప్పనిసరి. వింటర్ టైర్లు వేసిన ముందు చక్రాల బండి, అరిగిపోయిన టైర్లతో ఉన్న ఏడబ్ల్యూడీ, ఈ రెండిటిలో ఏది తీసుకుంటావంటే నేను క్షణం ఆలోచించకుండా మొదటిదే తీసుకుంటాను.

ఏడబ్ల్యూడీ టైర్లలో ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. నాలుగూ దాదాపు ఒకేలా అరిగి ఉండాలి. సుబారు అయితే టైర్ల చుట్టుకొలతలో పావు అంగుళం కంటే తేడా ఉండకూడదంటుంది. ఒక టైరు పక్కగోడ చిరిగితే, మిగిలిన మూడు సగం అరిగి ఉంటే, ఒక్కటే కొత్తది వేసి ఊరుకోవడం కుదరదు. నాలుగూ మార్చాలి, లేదా కొత్త టైరుని చెక్కించి పాతవాటికి సమానం చేయించాలి. లేకపోతే ముందూ వెనకా శక్తిని పంచే క్లచ్‌ల మీద భారం పడుతుంది, ఆ రిపేరు బిల్లు టైర్ల బిల్లుని మించిపోతుంది.

ఇక కార్లు. కొత్తగా వెళ్లినవాళ్లకి నా మొదటి ఓటు టొయోటా కేమ్రీకే. 2025 మోడల్ నుంచి అమెరికాలో అది హైబ్రిడ్‌గానే వస్తోంది. 2.5 లీటర్ల ఇంజన్‌కి మోటార్లు జోడిస్తే ముందు చక్రాల బండిలో 225 హార్స్‌పవర్, ఏడబ్ల్యూడీలో 232. ఇంజన్ నుంచి వెనక్కి షాఫ్ట్ ఉండదు, వెనక చక్రాలని విడిగా ఒక చిన్న మోటారు తిప్పుతుంది. ఆ మోడల్ వచ్చినప్పుడు అన్నిటికంటే కింది ట్రిమ్ (వేరియంట్) ధర 28,400 డాలర్లు, ఏడబ్ల్యూడీకి ఇంకో 1,525. రవాణా చార్జీ, పన్ను వేరే. ఆ 1,525 పెట్టినందుకు మైలేజీలో పోయేది గ్యాలన్‌కి ఒకటో రెండో మైళ్లు మాత్రమే. ఇంజన్ మోత ఎక్కువే, గట్టిగా తొక్కితే పాట పాడదు, అరుస్తుంది. అయినా అర్ధరాత్రి మైనస్ ఇరవైలో స్టార్ట్ కావాల్సిన బండికి అది పెద్ద లోపం కాదు.

మనవాళ్లకి ఇక్కడో ఆశ్చర్యం. ఇదే తరం కేమ్రీని మన బెంగళూరు పక్కనే బిడదిలో బిగిస్తారు. 2024 డిసెంబరులో ఇక్కడ విడుదలైన ధర 48 లక్షలు, ఎక్స్-షోరూమ్. పైన కర్ణాటక రోడ్డు ట్యాక్స్. ఏడబ్ల్యూడీ కూడా లేదు. ఈ లెక్క చూశాకే పిల్లలకి అక్కడి ధరలన్నీ చవగ్గా కనిపిస్తాయి, అక్కడే కాస్త ఆగమంటాను. మీ జీతం, అద్దె, ఇన్సూరెన్స్ అన్నీ డాలర్లలోనే కదా, రూపాయల్లోకి మార్చి సంబరపడి లాభం లేదు.

నా మనసుకి దగ్గరైంది మాత్రం సుబారు లెగసీ. బాక్సర్ ఇంజన్‌లో పిస్టన్లు నిలువుగా కాకుండా అడ్డంగా, ఎదురెదురుగా కొట్టుకుంటాయి. దాంతో ఇంజన్ బరువు కిందికి ఉంటుంది, మలుపులో బండి కుదురుగా పోతుంది. అన్ని ట్రిమ్‌లలోనూ ఏడబ్ల్యూడీ ఇచ్చిన కుటుంబ సెడాన్ ఇది. 2.5 లీటర్లది 182 హార్స్‌పవర్, 2.4 టర్బో 260. ఇండియానా రాష్ట్రం లఫయెట్‌లో 1989 నుంచి తయారైన ఈ బండిని 2025 మోడల్‌తో ఆపేశారు. ఇక సెకండ్ హ్యాండే దిక్కు. విడిభాగాలకి భయం లేదు, చాలావరకు సుబారు వాళ్ల ఇంకో బండి అవుట్‌బ్యాక్‌వే సరిపోతాయి.

తోలడంలో ఆనందం కావాలంటే మాజ్దా 3 టర్బో. సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) కాదు, అచ్చమైన ఆరు గేర్ల ఆటోమేటిక్. మామూలు 87 ఆక్టేన్ పెట్రోలు పోస్తే 227 హార్స్‌పవర్, 93 పోస్తే 250 ఇస్తుంది. వెనక సీటు ఇరుకు. అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తే నయాగరా దాకా వాళ్లని అందులో కూర్చోబెట్టాలంటే నాకైతే మనసొప్పదు. హ్యుందాయ్ సొనాటా 2.5, నిస్సాన్ ఆల్టిమా 2.5 కూడా ఏడబ్ల్యూడీలో దొరుకుతాయి. రెండూ బాగానే ఉంటాయి, సెకండ్ హ్యాండ్‌లో బేరం కుదిరితే తీసుకోండి.

కుర్రాళ్లందరి కలా సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. 2.4 టర్బో, 271 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. గొప్ప బండి, కాదనను. కానీ ఇండియాలో పదేళ్లు నడిపిన అనుభవాన్ని అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు లెక్కలోకి తీసుకోవు. మిషిగన్ అసలే ఇన్సూరెన్స్ ఖరీదైన రాష్ట్రం. సంతకం పెట్టకముందే ఆ బండి పేరుతో ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకోండి, తర్వాత మాట్లాడదాం. బీఎండబ్ల్యూ 330ఐ ఎక్స్‌డ్రైవ్ 255 హార్స్‌పవర్‌తో హాయిగా నడుస్తుంది, కానీ ప్రీమియం పెట్రోలు, ఖరీదైన టైర్లు, వారంటీ అయ్యాక సర్వీసు ఖర్చు, అన్నీ ఉన్నాయి. ఆ కోరిక తీరాల్సిందే అంటే తిరిగొచ్చాక చూసుకోవచ్చు. చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీలో బిగించే ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్ ఆరు సిలిండర్ల ఏడబ్ల్యూడీ సెడానే. 2021లో 62.90 లక్షలకి వచ్చింది.

ఇంకో సంగతి సూటిగా చెబుతాను. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో దేశం వదలడానికో సాధారణంగా 60 రోజులే గడువు. ఆ గడువులో అమ్ముడుపోయే బండి కావాలి, లోను మిగిలిన బాకీ కంటే ఎక్కువ ధర పలికే బండి కావాలి. కొత్తగా వెళ్లినవాళ్లకి క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి వడ్డీ ఎక్కువే పడుతుంది. కేమ్రీ వైపు మొగ్గడానికి నాకిదే పెద్ద కారణం. షోరూమ్‌లో "నెలకి ఎంత కట్టగలరు?" అని మొదలుపెడితే జవాబు చెప్పకండి. పన్ను, ఫీజులు, రవాణా అన్నీ కలిపి గేటు దాటే ధర ఎంతో కాగితం మీద రాసివ్వమనండి. మిషిగన్‌లో సేల్స్ ట్యాక్స్ 6 శాతం. పెయింట్ ప్రొటెక్షన్, టైర్లలో నైట్రోజన్ లాంటివి ఆ కాగితంలో కనిపిస్తే కొట్టేయించండి.

సెకండ్ హ్యాండ్ అయితే పైన మెరుపు చూసి మోసపోకండి. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, అది బండిని కిందనుంచి తినేస్తుంది. తలుపుల కింది అంచులు, వెనక చక్రాల పైన వంపు వేలితో తడమండి, రంగు కింద బుడగలు తగులుతాయి. లిఫ్ట్ ఎక్కించి బ్రేకు పైపులు, సబ్‌ఫ్రేము (కింది చట్రం) చూపించమని మీరే ఎంచుకున్న మెకానిక్‌ని అడగండి, నూటో నూటయాభై డాలర్లో తీసుకుంటాడు. టైర్ల గాడిలో క్వార్టర్ (పావు డాలర్) నాణెం తలకిందులుగా పెట్టండి. వాషింగ్టన్ తల పైభాగం మొత్తం కనిపిస్తుంటే టైరు లోతు మూడు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసినట్టే, నాలుగు టైర్ల ఖర్చు ధరలో తగ్గించమనండి. వింటర్ టైర్ల అపాయింట్‌మెంట్ అక్టోబరులోనే తీసుకోండి. మొదటి మంచు పడిన రోజు ఫోన్ చేస్తే రెండు వారాల తర్వాత రమ్మంటారు.