నెల ఆదాయం అడిగితే ఊరంతా "పదివేలే" అంటోంది. అసమానత ఎలా కొలవాలి?

పాకాల వైపు ఒక పల్లెలో ప్రాజెక్టు కోసం ఇంటింటికీ తిరుగుతున్నానని, నెలకు ఎంత వస్తుందంటే దాదాపు అందరూ పదివేల లోపే చెబుతున్నారని, ఈ డేటాతో అసమానత లెక్కగట్టవచ్చా అని అడిగారు. కట్టకండి. ముందు ఆ ప్రశ్నే మార్చాలి.

నేను ఈ ప్రాంతంలోనే సర్వేలకు ఫీల్డ్ పని చేశాను. మన ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డు (రేషన్ కార్డు) ఉండాలంటే కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు. ఫారం పట్టుకుని మనిషి గడప దగ్గరికి వస్తే కార్డు పోతుందేమోనన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. అది న్యాయమైన భయమే. కానీ అలా వచ్చిన లెక్కలో కూలికి పోయే ఇల్లూ, ఎకరాల కొద్దీ మామిడి తోట ఉన్న ఇల్లూ ఒకే అంకె దగ్గర కలిసిపోతాయి. జాతీయ శాంపిల్ సర్వే వాళ్లకూ ఇదే ఇబ్బంది ఎదురైంది. ఆదాయం అడిగి చూసిన ప్రయోగాల్లో, జనం చెప్పిన ఆదాయం కన్నా వాళ్ల ఖర్చూ పొదుపూ కలిపితే ఎక్కువ తేలేవి. అందుకే దశాబ్దాలుగా ఇంటి ఖర్చునే కొలుస్తూ వచ్చారు.

మొత్తం అడగకుండా ఒక్కో రాబడి గురించి విడిగా అడగండి. "పాల బిల్లు పదిహేను రోజులకు ఎంత పడుతుందక్కా?" అంటే మొహమాటం లేకుండా చెబుతారు. అందులోంచి దాణా, గడ్డి, డాక్టరు ఖర్చు తీసేయండి, ఇంట్లో తాగిన పాలకు ధర కట్టి కలపండి. తోట వేరే కథ. కాపు మీదే వ్యాపారికి ఇచ్చేశారా, దామలచెరువు మార్కెట్టుకు సొంతంగా తోలారా అని అడిగి, ఏడాది మొత్తానికి లెక్క వేసి పన్నెండుతో భాగించండి. ఒక్క ఏడాదితో ఆగవద్దు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి ఏడాది తోట ఉన్న ఇల్లు కూలి ఇంటికన్నా పేదగా తేలవచ్చు. పింఛను, బెంగళూరులో ఉన్న కొడుకు పంపే డబ్బు, అద్దెలు కూడా కలపండి. కొడుకు జీతం మొత్తం కాదు, ఇంటికి చేరిందే లెక్క. చివర్లో ఇంటి ఖర్చు కూడా అడగండి. ఆదాయానికి ఖర్చు రెండింతలు కనిపిస్తే అప్పు చేశారా, ఏదైనా రాబడి మరిచిపోయారా అని మళ్లీ కూర్చుని మాట్లాడాల్సిందే.

నన్ను ఇంతకన్నా ఎక్కువ బాధపెట్టేది దొరకని ఇళ్ల సంగతి. తిరుపతి టౌన్లో అయితే అపార్టుమెంటు వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు, పల్లెలో పెద్ద మేడకు తాళం వేసి ఉంటుంది. వాటిని వదిలేసి పక్కింటికి వెళ్లిపోతే పైనున్నవాళ్లు లెక్కలోంచి జారిపోయి, ఊళ్లో అందరూ సమానమే అన్నట్టు వస్తుంది. ముందు ఊరంతా తిరిగి ఇళ్ల జాబితా రాసుకోండి. పెద్ద ఇళ్లను వేరే గుంపుగా పెట్టి వాటిలోంచి ఎక్కువ ఇళ్లు తీసుకోండి, లెక్క వేసేటప్పుడు ఊళ్లో వాటి నిష్పత్తికి తగ్గట్టు వెయిటు ఇవ్వండి.

అసమానతను ఒక్క అంకెలో చెప్పే గిని సూచీ కట్టడం దీని ముందు సులువు. ఐదు ఇళ్ల ఆదాయం వరుసగా 8, 12, 15, 25, 40 వేలు అనుకుంటే గిని 0.308 వస్తుంది. అందరికీ సమానమైతే సున్నా, తేడా పెరిగేకొద్దీ అంకె ఒకటి వైపు పెరుగుతుంది. అయితే ఇంటి మొత్తంతో కాకుండా తలసరి ఆదాయంతో కట్టండి. ఆరుగురున్న ఇంటికి పాతికవేలూ, ఇద్దరున్న ఇంటికి పాతికవేలూ ఒకటి కావు. 2023-24 గృహ వినియోగ సర్వేలో దేశంలోని గ్రామాలకు వచ్చిన 0.237తో మీ అంకెను పోల్చకండి. అది ఖర్చు మీద కట్టిన గిని. ఖర్చులో తేడాలు ఆదాయంలో కన్నా మామూలుగా తక్కువే ఉంటాయి. పోల్చాలనుకుంటే మీరు సేకరించిన ఖర్చు లెక్కతో విడిగా ఒక గిని కట్టి, దాన్ని పక్కన పెట్టండి.