కైరల్ అమైనో ఆమ్లాలకు రోడియమా, ఎంజైమా?

ప్రకృతిలో దొరకని అమైనో ఆమ్లాన్ని ఒకే కైరల్ రూపంలో (కుడి, ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండే ఎల్, డి రూపాల్లో ఒక్కటే) చేయాలంటే లోహ ఉత్ప్రేరకం మేలా, ఎంజైమా అని అడిగారు. జీడిమెట్లలో ప్రాసెస్ కెమిస్ట్రీ చేసినవాణ్ణి, ఆల్ఫా అమైనో ఆమ్లాల వరకు నా ఓటు రోడియం అనే ఖరీదైన లోహానికే. ఆల్డిహైడ్‌నీ ఎన్-అసిటైల్ గ్లైసిన్‌నీ కలిపి అజ్‌లాక్టోన్ అనే వలయం చేసి దాన్ని తెరిస్తే డీహైడ్రో అమైనో ఆమ్లం (జంట బంధం ఉన్నది), ఎక్కువగా ఆ బంధం చుట్టూ ఒకే అమరిక అయిన జెడ్ రూపంలోనే వస్తుంది, ఇక కైరల్ లిగాండ్ (లోహానికి అతుక్కుని ఏ రూపం రావాలో నిర్ణయించే అణువు) ఉన్న రోడియంతో హైడ్రోజన్ ఎక్కించడమే. మోన్శాంటో కంపెనీలో విలియం నోల్స్ పార్కిన్సన్స్ మందు ఎల్-డోపాను ఈ దారిలోనే డైప్యాంప్ లిగాండ్‌తో 95 శాతం ఈఈకి (కావలసిన రూపం రెండోదానికన్నా ఎంత ఎక్కువుందో చెప్పే లెక్క) తెచ్చి, 2001లో నోబెల్ పంచుకున్నాడు.

అసలు తలనొప్పి ఉత్ప్రేరకం కాదండీ, దాంతో పాటు ఆటోక్లేవ్‌లోకి (ఒత్తిడి తట్టుకునే పాత్ర) వెళ్లే చెత్త. ఐవీఎఫ్‌లో వాడే సెట్రోరెలిక్స్ లాంటి పెప్టైడ్లకు డి-నాఫ్థైల్ అలనీన్ కావాలి, అది చేస్తున్నాం. ల్యాబ్‌లో సాఫీగా నడిచిన రియాక్షన్ ప్లాంట్‌లో సగంలో ఆగిపోయింది, ప్రెజర్ గేజ్ ముల్లు కదలదు, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి టెన్షన్, పైవాళ్లేమో లిగాండ్ మార్చమని మెయిల్ మీద మెయిల్. మెథనాల్ డ్రమ్ము మూత తీస్తే చేపల వాసన! డబ్బు మిగుల్తుందని పర్చేజ్ వాళ్లు రికవర్డ్ (ఒకసారి వాడి తిరిగి శుద్ధి చేసిన) మెథనాల్ పంపారు, అందులో పాత బ్యాచ్ తాలూకు అమైన్ ఉండిపోయి రోడియాన్ని పట్టుకు కూర్చుంది. కొత్త మెథనాల్ తెప్పించి, నైట్రోజన్‌తో ఆక్సిజన్ పూర్తిగా తరిమేశాక అదే లిగాండ్‌తో రియాక్షన్ చివరిదాకా వెళ్లింది. మెథనాల్ మీద మిగిల్చిన దానికి ఎన్నో రెట్లు రోడియం రూపంలో పోయింది, ఆ లెక్క మాత్రం ఏ మీటింగ్‌లోనూ రాదు.

ఎంజైమ్ అనగానే అందరూ షుగర్ మందు సిటాగ్లిప్టిన్ చూపిస్తారు. మెర్క్ వాళ్లు అంతకుముందు ప్లాంట్‌లో రోడియంతోనే చేశారు, తర్వాత ఎంజైమ్‌ల కంపెనీ కోడెక్సిస్‌తో కలిసి ట్రాన్సమినేజ్‌కు (కీటోన్‌ను అమైన్‌గా మార్చే ఎంజైమ్) మారారు, నిజమే. కానీ మొదట ఎంచుకున్న ఎంజైమ్ సిటాగ్లిప్టిన్‌కు ముడిసరుకైన కీటోన్‌ను ముట్టుకోనే లేదు, ప్రోటీన్‌ను మార్చి మార్చి దారికి తెచ్చారు. అంతగా అమ్ముడయ్యే మందుకు ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, నాలుగు కిలోల ఆర్డర్‌కు ఎవరు పెడతారు?

ఒక్క చోట మాత్రం ఎంజైమ్‌తో వాదించను. అమాక్సిసిలిన్‌కు కావాల్సిన డి-పారా హైడ్రాక్సీ ఫినైల్ గ్లైసిన్ తయారీలో హైడాంటోయిన్ అనే ముడిసరుకు దానంతట అదే రేసిమైజ్ అవుతుంటే (ఎల్, డి రూపాలు ఒకదానిలోకి ఒకటి మారుతుంటే), హైడాంటోయినేజ్ అనే ఎంజైమ్ డి రూపాన్నే కోసుకుంటూ పోతుంది, రిజల్యూషన్‌లోలాగా (రెండు రూపాల మిశ్రమాన్ని విడదీసే పద్ధతి) సగం సరుకు పక్కన పడేసే గొడవే లేదు.